హ్యూమన్ ఎకాలజీ చదవదలచినవారికి

హ్యూమన్ ఎకాలజీ, అంటే మనుషులకూ వారి పరిసరాలకూ మధ్య సంబంధాలను పరిశీలించే మానవ జీవావరణ శాస్త్రం, చదవాలనుకునేవారు కాలేజీలో చేరకముందే ఆ కోర్సును ఏ విభాగం నడుపుతున్నదో తెలుసుకోవాలి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 1969లో తన గృహవిజ్ఞాన కళాశాలకే ఈ పేరు పెట్టింది. పోషకాహారం, మానవ వికాసం, వస్త్రశాస్త్రం వంటివి అక్కడి పాఠ్యాంశాలు. అదే ఏడాది అమెరికాలోనే స్థాపించిన కాలేజ్ ఆఫ్ ది అట్లాంటిక్‌లో మాత్రం బి.ఏ. విద్యార్థులందరికీ ఇదొక్కటే డిగ్రీ, ఏయే కోర్సులు చదవాలో ఎవరికి వారే కూర్చుకుంటారు. కాబట్టి ప్రాస్పెక్టస్ మీది పేరు కన్నా సిలబస్‌నూ, చివరి ఏడాది విద్యార్థులు చేసిన ప్రాజెక్టుల శీర్షికలనూ చూసి నిర్ణయించుకోవడం మేలు.

చేరాక ఎదురయ్యే అసలు చిక్కు, అన్నీ కొంచెం కొంచెం చదివి దేనిలోనూ పట్టు చిక్కకపోవడం. దానికి నాకు తెలిసిన ఉపాయం, మొదటి ఏడాదిలోనే ఒక ప్రశ్నను ఎంచుకుని, ప్రతి కోర్సునూ దాని అవసరాన్ని బట్టి తీసుకోవడం. ఉదాహరణకు, ఒక చెరువు పచ్చబడి చేపలు చనిపోతున్నాయనుకుందాం. పొలాల నుంచి కొట్టుకువచ్చిన నత్రజని, భాస్వరాల వల్ల నాచు పెరుగుతుందని రసాయన శాస్త్రం చెబుతుంది. నీటిలోని ఆక్సిజన్‌ను మధ్యాహ్నం కొలిస్తే, కిరణజన్య సంయోగక్రియ సాగుతుండటం వల్ల, అది పుష్కలంగా కనిపిస్తుంది. రాత్రంతా నాచూ, బ్యాక్టీరియా దానిని వాడుకోవడం వల్ల తెల్లవారుజామున కొలిచినప్పుడే అసలు లోటు బయటపడుతుంది. కొలత ఎంత ముఖ్యమో, కొలిచిన వేళ కూడా అంతే ముఖ్యమని ఇక్కడ తెలుస్తుంది. రైతు అంత ఎరువు ఎందుకు వేస్తున్నాడు, ఆ భూమి సొంతమా కౌలుదా, చెరువు మీద హక్కు ఎవరిది అన్నవి మాత్రం ప్రయోగశాలలో తేలేవి కావు. వాటికి అర్థశాస్త్రం, సామాజిక శాస్త్రం, చట్టం కావాలి.

ఈ దశలో, ఇటువంటి చెరువుల్లాంటి ఉమ్మడి వనరులు చివరకు ధ్వంసమవుతాయని జీవావరణ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1968లో చేసిన వాదనను ముందుగా, ప్రజలు తామే నియమాలు పెట్టుకుని అటువంటి వనరులను దీర్ఘకాలం కాపాడుకున్న ఉదాహరణలతో రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో ఇచ్చిన సమాధానాన్ని ఆ తరువాత చదవాలి. ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది కదా అని హార్డిన్‌ను వదిలేస్తే ఆమె ఎవరితో వాదిస్తున్నదో అర్థం కాదు.

ఫీల్డ్ వర్క్‌లో నోటుబుక్కు ఎడమ పేజీని చూసినదానికీ, విన్నదానికీ, కుడి పేజీని మీ ఊహలకూ కేటాయించండి. ఈ రెండూ కలిసిపోతే నెల తిరిగేసరికి విడదీయడం ఎవరి తరమూ కాదు. ఇంటర్వ్యూలో “మీరు పర్యావరణాన్ని కాపాడతారా?” అని అడిగితే అందరూ ఔననే అంటారు. “కిందటి పంటకు ఎన్ని బస్తాల ఎరువు వేశారు, ఎవరు చెబితే వేశారు?” అని అడిగితే పనికివచ్చే జవాబు దొరుకుతుంది.

గణాంక శాస్త్రాన్నీ, జీఐఎస్‌నూ (కంప్యూటర్‌లో మ్యాపుల మీద సమాచారాన్ని విశ్లేషించే పద్ధతి) ఇష్టం లేకున్నా నేర్చుకోక తప్పదు. ప్రాజెక్టుకు ఒకరు ప్రకృతి శాస్త్రాల నుంచి, ఒకరు సామాజిక శాస్త్రాల నుంచి ఇద్దరు గైడ్‌లు ఉండేట్టు చూసుకోండి. వారిద్దరినీ నెలకొకసారైనా ఒకేచోట కూర్చోబెట్టకపోతే చివరికి ఒకే అట్టలో రెండు థీసిస్‌లు తయారవుతాయి. మనుషులను ప్రశ్నించే పరిశోధనలకు చాలా విశ్వవిద్యాలయాల్లో, పాల్గొనేవారికి హాని కలగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి కాబట్టి, ఆ దరఖాస్తును ప్రశ్నావళి సిద్ధమైన వెంటనే, ఫీల్డ్‌కు వెళ్లే తేదీ ఖరారు చేసుకోకముందే పంపాలి.