డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి కంటి ఫోటో ఎందుకు తీయించాలి, ఎలా తీయించాలి

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్, ఇప్పుడు 38 ఏళ్లు. పోయినేడాది మెట్లు దిగడానికి తడుముకునేవాడు, కంచంలో పక్కనే కూర ఉన్నా చూడకుండా ఉత్త అన్నం తినేసేవాడు, ఇంక మతి పోతోందనీసి మా అమ్మ ఒకటే బెంగ, తీరా చూపిస్తే రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ అయ్యాక మెట్లు చకచకా దిగుతున్నాడు. అందుకే మతిమరుపు అనుకునే ముందు కళ్లు చూపించండి అంటాను.

అయితే డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, భయం ఉత్తిది కాదు. వీళ్లకి 21వ క్రోమోజోమ్ రెండుకి బదులు మూడు ఉంటాయి కదా, ఈ జబ్బులో మెదడులో పేరుకునే అమైలాయిడ్ అనే ప్రోటీన్ తయారయ్యే జీన్ దాని మీదే ఉంది, అందుకని 40 ఏళ్లు వచ్చేసరికి దాదాపు అందరి మెదడులోనూ అది పేరుకుంటుంది, రక్తనాళాల గోడల్లో కూడా. లక్షణాలు మాత్రం ఎక్కువమందికి 50 దాటాక బయటపడతాయి. కంటి లోపల వెనకవైపు పొర రెటీనా కూడా మెదడులోంచి పెరిగిందే, అక్కడి నాళాల్ని కోత లేకుండా నేరుగా చూడొచ్చు, అందుకే దాని ఫోటోతో ఈ జబ్బుని ముందే కనిపెట్టొచ్చా అని పరిశోధకులు చూస్తున్నారు. కానీ కంటి ఫోటో చూసి మీవాడికి డిమెన్షియా వస్తుందో రాదో ఇవాళ ఏ డాక్టరూ చెప్పలేరు. ఇంకోటి ఏటంటే, డౌన్ సిండ్రోమ్‌లో కంటి నరం దగ్గర రక్తనాళాలు మామూలు కంటే ఎక్కువ కొమ్మలుగా ఉండటం పుట్టుకతోనే వస్తుంది. కాబట్టి ఒక్క ఫోటో చూసి కంగారు పడొద్దు, అదే మనిషి పాత ఫోటో పక్కన పెట్టి చూస్తేనే మార్పు తెలుస్తుంది. 30ల్లోనే ఒకటి తీయించి దాచుకోండి అనేది అందుకే.

మాకు దగ్గర బరంపురం, పెద్ద పరీక్షలకి వైజాగ్ గానీ భువనేశ్వర్ గానీ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్లొచ్చు. ఫండస్ ఫోటో (రెటీనా ఫోటో), వీలుంటే ఓసీటీ (రెటీనా పొరల్ని వెలుగుతో చూసే స్కాన్) అడగండి, రెండింటికీ నొప్పి ఉండదు. ఫోటో కాపీ ఫోన్‌లోకి తీసుకోండి, ఉత్త కాగితం రిపోర్టుతో ఊరుకోవద్దు. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేసేముందు డౌన్ సిండ్రోమ్ అని, గుండె జబ్బు ఉంటే అదీ చెప్పండి. చుక్కల తర్వాత కొన్ని గంటలు మసకగా ఉంటుంది, నల్లకళ్లద్దాలు, టోపీ పట్టుకెళ్లండి. ముందురోజు ఇంట్లో ఫోన్ ఫ్లాష్ వేసి గడ్డం ఆనించి కూర్చోవడం ఆటలాగ నేర్పించండి, మా తమ్ముడికి నాలుగుసార్లు చేయించాం, అక్కడ కదలకుండా కూర్చున్నాడు.

ఇప్పుడు మన వైపు అసలు చిక్కు. గుణుపురం, రాయగడ, బరంపురం ఎక్కడికెళ్లినా ప్రశ్నలు ఒడియాలో అడుగుతారు, ఇంట్లో తెలుగు తప్ప వినని మనిషి తెల్లమొహం వేస్తాడు, జ్ఞాపకశక్తి తగ్గిందని రాసేస్తారు. మా విషయంలో ఒకచోట అలాగే రాశారు, అమ్మ రెండురోజులు అన్నం తినలేదు. అందుకని ప్రశ్నలు తెలుగులో మనల్ని అడగనివ్వమని డాక్టరు గారిని బతిమాలైనా ఒప్పించండి. వారం పేర్లు, తోబుట్టువుల పేర్లు, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, కొట్టుకి తోవ తెలియడం, ఇవన్నీ ఇప్పుడు ఏ మాత్రం వచ్చో తేదీ వేసి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఆర్నెల్లకోసారి వీడియో తియ్యండి. ఇది ఫోటో కంటే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే వీళ్లకి మొదట మతిమరుపు కాకుండా మనిషి తీరే మారొచ్చు, ఇష్టమైన పనులు మానేసి మూల కూర్చుంటారు.

అలా కనిపిస్తే థైరాయిడ్, బీ12 విటమిన్, వినికిడి, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగడం, దిగులు ఇవన్నీ ముందు చూపించండి, వీటికి వైద్యం ఉంది. పెద్దయ్యాక కొత్తగా మూర్ఛ వచ్చినా, నిద్ర లేవగానే చేతులు ఉలిక్కిపడుతున్నా ఆలస్యం చెయ్యకుండా న్యూరాలజీ డాక్టరుకి చూపించండి, ఆ నోట్‌బుక్, కంటి ఫోటో రెండూ వెంట పట్టుకెళ్లండి.