కారు పైన మంచం, పరుపు కట్టుకుని పోవడం ఎలా?

పెళ్లిళ్ల సీజన్‌లో నార్కట్‌పల్లి దగ్గర నిలబడి హైదరాబాద్ వైపు పోయే కార్లను చూడండి. పైన పరుపు ఎగిరెగిరి పడుతుంటుంది, సుతిలి తాడు నాలుగు చుట్లు చుట్టి ఉంటుంది, కిటికీలోంచి ఒకరు చెయ్యి బయటపెట్టి పరుపును పట్టుకుని ఉంటారు. హైవే మీద లేచే పరుపు చేత్తో పట్టుకుంటే ఆగదు. అది వెనక వచ్చే మోటార్ సైకిల్ మీద పడితే మనిషి ప్రాణం పోతుంది.

కావాల్సినవి తక్కువే. గట్టిగా బిగించిన రెండు అడ్డకడ్డీల క్యారియర్, 10 ఎంఎం నైలాన్ తాడు ఆరు ముక్కలు, పట్టా, పాత దుప్పటి. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ తాడు, సైకిల్ ట్యూబు, కొక్కేల రబ్బరు తాళ్లు వద్దు. సాగే తాడు సామానును ఆపదు. క్యారియర్ లేకుంటే అసలు కట్టొద్దు. కిటికీల్లోంచి తాడు తిప్పి కట్టేవాళ్లున్నారు. అలా కడితే తలుపులు తెరుచుకోవు, ప్రమాదం జరిగితే లోపలున్నవాళ్లు దిగలేరు.

బరువు విషయంలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉన్నదే లెక్క. చాలా చిన్న కార్ల పైకప్పు మోసేది 50 నుంచి 75 కిలోలు, అదీ క్యారియర్ బరువుతో కలిపి. మిర్యాలగూడ మిల్లులో కొన్న బియ్యం బస్తాలు డిక్కీలోకే పోవాలి. బీరువా, ఫ్రిజ్ ఉంటే ట్రాలీ ఆటో మాట్లాడుకోండి.

ముందు దుప్పటి పరవండి. దాని మీద పట్టాలో చుట్టిన పరుపు, పరుపు మీద మంచం బోర్లా వేయాలి. కోళ్లు ఊడేవైతే ఊడదీయండి. అందరూ మంచం కింద, పరుపు పైన వేస్తారు. అది తప్పు. తేలికగా, వెడల్పుగా ఉన్న పరుపును అదిమి ఉంచేది మంచం బరువే. సామాను పక్కలకు, ముందుకు కారు దాటి రావొద్దు. పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టం 194(1ఎ) సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా ఉంది, 2019 సవరణతో వచ్చింది. వెనక నంబర్ ప్లేటు, లైట్లు కనిపించాలి. ముందు కడ్డీ దగ్గర ఒక తాడు, వెనక కడ్డీ దగ్గర ఒక తాడు అడ్డంగా వేసి కట్టేయండి.

ఇక్కడి దాకా అందరూ చేస్తారు, ఇక్కడే ఆపేస్తారు. అసలు పని ముందు తాడుది.

గాలి అద్దానికి తగిలి పైకి ఎగదన్నుతుంది, నేరుగా సామాను ముందు అంచు కిందికి దూరుతుంది. వేగం రెండింతలైతే ఆ గాలి బలం నాలుగింతలు అవుతుంది. 40లో కదలని పరుపు 80లో లేచేది అందుకే. అడ్డంగా ఎన్ని తాళ్లు కట్టినా అవి క్యారియర్‌నే పట్టుకుని ఉంటాయి. ముందు అంచు లేస్తే ఆ గుంజుడంతా క్యారియర్ క్లాంపుల మీద పడుతుంది. అందుకని ముందు అంచును కారు బాడీకే కట్టాలి.

ఎక్కడ కట్టాలి? బంపర్‌కు కాదు, అది ప్లాస్టిక్. గ్రిల్లుకూ కాదు. చాలా కార్లలో జాకీ, పానాతో పాటు ఆగిన బండిని లాగే టోయింగ్ హుక్కు ఇస్తారు. ముందు బంపర్ మీద చిన్న మూత తీస్తే మరలున్న రంధ్రం కనిపిస్తుంది, అందులో హుక్కును చివరి దాకా తిప్పి బిగించాలి. సగం తిప్పి వదిలేస్తే మరలు చెడిపోతాయి. సామాను ముందు మూలలు రెండింటి నుంచీ తాడు ఆ హుక్కుకే రావాలి. తాడు బానెట్‌కు రాసుకునే చోట గుడ్డ పెట్టండి, వైపర్లకు తగలనివ్వొద్దు.

బిగించడానికి లారీ వాళ్ల ముడే వేయాలి. తాడు ఒక కొస మంచం మూలకు కట్టండి. హుక్కుకు మూరెడు పైన తాడును ఒకసారి మెలిపెట్టి, ఆ మెలికలోంచి కింది తాడును కొంచెం లాగితే చిన్న ఉచ్చు వస్తుంది. మిగిలిన కొసను హుక్కులోంచి తిప్పి, పైకి తెచ్చి, ఉచ్చులోంచి దూర్చి, కిందికి గుంజండి. గిలకతో చేద లాగినట్టు తక్కువ బలంతో ఎక్కువ బిగువు వస్తుంది. ఉచ్చు దగ్గర వేళ్లతో గట్టిగా పట్టుకుని, వదలకుండా రెండు సగం ముళ్లు (కొసను తాడు చుట్టూ ఒకసారి తిప్పి, దాని కిందినుంచే దూర్చి లాగేవి) వేయండి. వేళ్లు వదిలారా, బిగువు పోతుంది, మళ్లీ మొదటికి రావాలి. రెండో మూలకూ ఇదే. ఒక వైపు ఎక్కువ గుంజితే సామాను పక్కకు తిరుగుతుంది, అందుకే రెండూ సమానంగా రావాలి.

ఎంత బిగించాలో తెలియాలంటే ముందు అంచును రెండు చేతులతో పైకి ఎత్తి చూడండి. దాంతో పాటు కారు కూడా స్ప్రింగుల మీద లేవాలి. సామాను ఒక్కటే లేస్తే మళ్లీ కట్టండి. వెనక మూలలకూ ఇదే పద్ధతిలో తాడు వేయండి, బ్రేకు వేసినప్పుడు ముందుకు జారకుండా ఉంటుంది.

పిడి ఆడించి బిగించే రాట్చెట్ బెల్టులు బాగుంటాయంటారు. నేను వాడను, మీరూ వాడొద్దు. అది ఎంత బిగిసిందో చేతికి తెలియదు, టకటకా తిప్పుతూ పోతే కడ్డీ వంగుతుంది. తాడైతే బిగువు అరచేతికి తెలుస్తుంది. తప్పక బెల్టే వాడాల్సి వస్తే ఒక మెలిక తిప్పి వేయండి, లేకుంటే దారి పొడవునా గాలికి మోగుతుంది.

నల్లగొండ నుంచి బయల్దేరితే నార్కట్‌పల్లిలో, పాలమూరు నుంచైతే జడ్చర్లలో, హైవే ఎక్కకముందే ఆగి ప్రతి తాడునూ లాగి చూడాలి. పరుపు అణగుతుంది, తాడు వదులవుతుంది. మళ్లీ పంతంగి టోల్ గానీ రాయికల్ టోల్ గానీ దాటాక ఒకసారి చూడండి. వేగం 60 దాటొద్దు. వాన పడితే ఆగి మళ్లీ బిగించండి, తడిసిన నైలాన్ సాగుతుంది.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి దిగకముందే బయట ఆపి సామాను దించండి. తాళ్లు విప్పేటప్పుడు ఒకరు మంచాన్ని పట్టుకుని ఉండాలి. అడ్డతాళ్లు ముందు విప్పండి, ముందూ వెనకా తాళ్లు చివర్లో. సగం ముళ్లు తీసి కొసను లాగితే లారీ ముడి దానంతట అదే ఊడి వస్తుంది, కత్తితో కోయాల్సిన పని లేదు.