కంప్యూటర్‌ను టీవీకి కలిపినప్పుడు అంచులు తెగిపోతుంటే

ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపగానే బొమ్మ వస్తుంది గానీ, చాలా ఇళ్లలో అడుగునున్న టాస్క్‌బార్ సగమే కనిపిస్తుంది, కుడి మూలనున్న గడియారం తెర దాటిపోతుంది, అక్షరాలు మసకబారినట్లు ఉంటాయి. మా ఇంట్లో మొదటిసారి ఇలా జరిగినప్పుడు కేబుల్ పాడైందని దుకాణంలో చెప్పిన మాట నమ్మి కొత్తది కొన్నాను. దానితోనూ గడియారం సరిగ్గా అక్కడే తెగింది. కేబుల్‌లో లోపముంటే బొమ్మ వస్తూ పోతూ ఉంటుంది, తెరపై చుక్కలు మెరుస్తాయి, లేదా అసలు బొమ్మే రాదు. నాలుగు వైపులా అంచులు ఒకే తీరుగా తెగుతున్నాయంటే దానికి కారణం టీవీ చేస్తున్న ఓవర్‌స్కాన్, అంటే బొమ్మను తెర కన్నా పెద్దదిగా చూపడం.

పిక్చర్ ట్యూబ్ టీవీల కాలంలో బొమ్మ అంచులు నిలకడగా ఉండేవి కావు కనుక, బొమ్మను తెర కన్నా కాస్త పెద్దదిగా చూపి ఆ అంచులను చట్రం వెనుక దాచేవారు. ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ తెరలకు ఆ అవసరం లేకపోయినా అలవాటు మిగిలిపోయింది; హెచ్‌డీఎంఐ ద్వారా వచ్చేది సినిమాయో టీవీ కార్యక్రమమో అనుకుని చాలా టీవీలు నేటికీ బొమ్మను కొంచెం సాగదీస్తాయి. సినిమాలో అంచు కాస్త పోయినా ఎవరికీ పట్టదు, కానీ కంప్యూటర్‌లో మెనూలూ గడియారమూ ఉండేవి ఆ అంచుల్లోనే.

నష్టం ఎంతో లెక్క వేసి చూద్దాం. అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు (బొమ్మను కూర్చే చుక్కలు) ఉన్న 1920×1080 బొమ్మలో ప్రతి వైపు రెండున్నర శాతం పోతే ఎడమా కుడీ 48 పిక్సెళ్ల చొప్పున, పైనా కిందా 27 పిక్సెళ్ల చొప్పున మాయమవుతాయి. విండోస్ 10లో మామూలు పరిమాణంలో టాస్క్‌బార్ ఎత్తు 40 పిక్సెళ్లే కాబట్టి అందులో సగానికి పైగా కనిపించదు. మిగిలిన 1824×1026 పిక్సెళ్లను టీవీ మళ్లీ 1920×1080కి సాగదీస్తుంది. కంప్యూటర్ పంపిన ఒక చుక్క తెర మీద ఒక చుక్కగా నిలవక పక్క చుక్కల్లోకి పాకుతుంది. తెలుగు చదివేటప్పుడు ఇది మరీ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే 'ద'కూ 'ధ'కూ, 'ప'కూ 'ఫ'కూ తేడా అడుగునున్న ఒక చిన్న గీతే, ఆ గీత మసకబారితే అక్షరమే మారిపోయినట్లు కనిపిస్తుంది.

అందువల్ల సరిచేయడం టీవీ నుంచే మొదలుపెట్టాలి. బొమ్మను కంప్యూటర్‌లోనే కుదించి పంపితే అంచులు కనిపిస్తాయి గానీ, ఒకసారి కుదించినదాన్ని టీవీ మళ్లీ సాగదీయడం వల్ల మసక ఇంకా పెరుగుతుంది. రిమోట్‌తో పిక్చర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బొమ్మ పరిమాణం లేదా ఆస్పెక్ట్ రేషియో అనే చోట వెతకండి. శామ్‌సంగ్‌లో దీని పేరు స్క్రీన్ ఫిట్, కొత్త మోడళ్లలో ఫిట్ టు స్క్రీన్, ఎల్‌జీలో జస్ట్ స్కాన్, సోనీలో డిస్‌ప్లే ఏరియా కింద ఫుల్ పిక్సెల్, ఫిలిప్స్‌లో అన్‌స్కేల్డ్. 16:9 అని ఉన్నదే సరైనదని చాలామంది అక్కడే ఆగిపోతారు, కానీ ఎన్నో టీవీలలో అంచులను కోసేది ఆ ఎంపికే. ఇలాంటివేవీ దొరకకపోతే, కేబుల్ పెట్టిన హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చి చూడండి. శామ్‌సంగ్, ఎల్‌జీ టీవీలలో ఇలా చేస్తే రంగు అక్షరాల అంచులు కూడా తేటపడతాయి. నల్లని అక్షరాల చుట్టూ తెల్లని గీత కనిపిస్తుంటే షార్ప్‌నెస్ తగ్గించండి.

పని పూర్తయిందో లేదో కంటితో అంచనా వేయడం కన్నా పరీక్షించడం మేలు. పెయింట్‌లో టీవీ రిజల్యూషన్‌కు, అంటే దాని తెరలోని పిక్సెళ్ల లెక్కకు, సమానమైన బొమ్మ తయారుచేసి, నాలుగు అంచుల వెంబడి ఒక్క పిక్సెల్ మందంతో ఎర్రగీత గీసి, దాన్ని డెస్క్‌టాప్ నేపథ్యంగా పెట్టండి. టాస్క్‌బార్ కింది గీతను కప్పుతుంది కనుక పైనా, ఎడమా, కుడీ చూడండి. ఆ మూడు గీతలూ పూర్తిగా, ఒకే మందంతో కనిపిస్తే ఓవర్‌స్కాన్ పోయినట్లే.

ఇక రిజల్యూషన్ సంగతి. విండోస్ మీటతో పాటు పి అక్షరం నొక్కితే తెరల ఎంపిక వస్తుంది. అందులో డూప్లికేట్ పెట్టారంటే రెండు తెరలూ ఒకే రిజల్యూషన్‌ను పంచుకోవాలి కాబట్టి, ల్యాప్‌టాప్ తెర 1366×768 అయితే ఫుల్ హెచ్‌డీ టీవీకి కూడా అదే వెళ్లి బొమ్మ చెదురుతుంది. సెకండ్ స్క్రీన్ ఓన్లీ లేదా ఎక్స్‌టెండ్ ఎంచుకుని, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో టీవీని ఎంపిక చేసి, రికమెండెడ్ అని ఉన్న రిజల్యూషన్ పెట్టండి. పొరపాటున టీవీ చూపలేని రిజల్యూషన్ పెట్టి తెర నల్లబడినా కంగారు పడనక్కర్లేదు, ఏ మీటా నొక్కకుండా 15 సెకన్లు ఆగితే విండోస్ పాత స్థితికే వస్తుంది. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని రిజల్యూషన్ తగ్గించవద్దు. దాని దగ్గరే ఉన్న స్కేల్‌ను 125 లేదా 150 శాతానికి పెంచితే అక్షరాలు పెద్దవవుతాయి, స్పష్టతా ఉంటుంది.

మన ఇళ్లలో తరచుగా కనిపించే 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీల విషయంలో ఒక చిక్కుంది. వాటిలో చాలావాటి తెరలో నిజంగా ఉండేవి 1366×768 పిక్సెళ్లు, హెచ్‌డీఎంఐ ద్వారా అవి ప్రధానంగా తీసుకునేవి 1280×720, 1920×1080 సంకేతాలు. ఏది పంపినా టీవీ దాన్ని మార్చుకోక తప్పదు. జాబితాలో 1366×768 గానీ 1360×768 గానీ కనిపిస్తే ముందు దాన్ని ప్రయత్నించండి; లేకపోతే మిగతా రెండింటినీ పెట్టి చూసి, అక్షరాలు ఎక్కడ చదవడానికి హాయిగా ఉంటే అది ఉంచుకోండి. ఎంత సరిచేసినా ఈ తెర మీద అక్షరాలు మానిటర్‌లో ఉన్నంత పదునుగా రావు.

4కే టీవీలో మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంటే రిఫ్రెష్ రేటు (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందనే లెక్క) 30 హెర్ట్జ్‌లో ఉందేమో చూడండి. హెచ్‌డీఎంఐ 1.4 ఉన్న పాత కంప్యూటర్లు 4కేను అంతవరకే పంపగలవు. 60 హెర్ట్జ్‌కు రెండు వైపులా హెచ్‌డీఎంఐ 2.0 కావాలి, కొన్ని టీవీలలో ఆ పోర్టుకు మెరుగైన సంకేతాన్ని అనుమతించే సెట్టింగ్‌ను విడిగా ఆన్ చేయాలి కూడా.

టీవీలో ఏ దారీ దొరకనప్పుడే కంప్యూటర్‌లో కుదించండి. కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ చిప్ ఎన్‌విడియాదైతే దాని కంట్రోల్ ప్యానెల్‌లో డెస్క్‌టాప్ సైజు సవరించే చోటు ఉంటుంది, ఏఎమ్‌డీదైతే దాని సాఫ్ట్‌వేర్‌లో హెచ్‌డీఎంఐ స్కేలింగ్ ఉంటుంది, మ్యాక్‌లో డిస్‌ప్లేస్ కింద అండర్‌స్కాన్ కనిపిస్తుంది. దీనికి తలకిందులుగా, బొమ్మ చుట్టూ నల్లని చట్రం ఉండి టీవీలో అంతా సరిగానే ఉంటే, ఇదే ఏఎమ్‌డీ స్కేలింగ్‌ను సున్నా చేయండి. బొమ్మ పరిమాణాన్ని చాలా టీవీలు ఒక్కో పోర్టుకు విడిగా గుర్తుంచుకుంటాయి కనుక, కేబుల్‌ను మరో పోర్టుకు మార్చిన రోజున టీవీ సెట్టింగ్‌ను మళ్లీ ఒకసారి చూడాలి.