ఫిబ్రవరి 1 సాయంత్రం, ఏడు దీపాలు

మా పిల్లలతో నేను ఏటా పాటించే పద్ధతి ఇది. ఫిబ్రవరి 1న సాయంత్రం ఏడున్నరకల్లా డాబా మీదికి చేరండి. 2003లో తిరిగొస్తూ ముక్కలైపోయి, ఏడుగురు వ్యోమగాములనూ పొట్టనబెట్టుకున్న అమెరికా అంతరిక్ష నౌక కొలంబియాతో మాటలు తెగిపోయింది మన గడియారంలో ఆ వేళకే. నేల మీద దిగడానికి ఇంకో పదహారు నిమిషాలే ఉంది.

ఏడు ప్రమిదలు పెట్టి, ఒక్కోటి వెలిగిస్తూ ఒక్కో పేరు గట్టిగా చదవండి: రిక్ హస్‌బెండ్, విలియం మెక్‌కూల్, మైకేల్ ఆండర్సన్, డేవిడ్ బ్రౌన్, లారెల్ క్లార్క్, ఇలాన్ రామోన్, కల్పనా చావ్లా. మనవాళ్లు కల్పన దగ్గరే ఆగిపోతారు, మిగతా ఆరుగురు గుర్తుండరు. నాకది బాధ. అందుకే ఆమె పేరు చివర చదివిస్తాను.

కారణం దాచకండి. జనవరి 16న బయలుదేరిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్క అంచును కొట్టింది. తిరుగు ప్రయాణంలో ఆ కన్నంలోంచి మండే వాయువు లోపలికి చొరబడింది. "నురుగుకే రెక్క పగులుతుందా?" అని పిల్లలు తప్పక అడుగుతారు. అది తగిలిన వేగం గంటకు సుమారు 800 కిలోమీటర్లని చెప్పండి.

2002లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మెట్‌శాట్ అనే మన వాతావరణ ఉపగ్రహానికి తర్వాత కల్పన-1 అని పేరు మార్చారు, అదీ చెప్పండి. దీపాలను ఊదొద్దు. వాటంతటవే కొండెక్కేదాకా కూర్చోండి.