నెదర్లాండ్స్ నుంచి జర్మనీకి మారుతున్నారా? ఏ పని ఎప్పుడు చేయాలి

ఐండ్‌హోవెన్ నుంచి మ్యూనిక్‌కు రోడ్డు మీద దాదాపు 700 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లినంత దూరం. సరిహద్దు దాటిన సంగతి ఫోనుకు సందేశం వస్తే తప్ప తెలియదు. డబ్బు అదే యూరో, గోడలోని ప్లగ్గు కూడా అదే. అందుకే మనవాళ్లలో చాలామంది దీన్ని ఊరు మారడం కింద లెక్క వేసుకుంటారు. నేనూ అలాగే అనుకుని మూడు నెలలు తిప్పలు పడ్డాను. కాగితాల దగ్గరికి వచ్చేసరికి ఇది దేశం మారడమే. మొదటిసారి శంషాబాద్‌లో విమానమెక్కినప్పుడు చేసిన పనులన్నీ మళ్లీ చేయాలి, పైగా ఈసారి వెనక ఉన్న దేశంలో ఖాతాలన్నీ సర్దుకుని రావాలి.

భారత పాస్‌పోర్టుతో, ఉద్యోగం మీద మారే కుటుంబాల కోసం రాస్తున్నాను.

1. ముందు మీ నివాస కార్డు వెనక్కీ ముందుకూ తిప్పి చూడండి

నెదర్లాండ్స్‌లో మన ఇంజినీర్లలో చాలామందికి ఉండేది ‘కెనిస్‌మిగ్రాంట్’ అనుమతి, అంటే నిపుణులైన ఉద్యోగులకు ఆ దేశం సొంతంగా ఇచ్చేది. దానితో జర్మనీలో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు తిరిగి రావచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. జర్మనీలో ఉద్యోగానికి జర్మన్ కాన్సులేట్‌లో దరఖాస్తు పెట్టి వీసా తీసుకున్నాకే కదలాలి. ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చే ముందే ఈ వీసా పని తేల్చుకోండి. ఉద్యోగం పోతే డచ్ అనుమతికి ఉన్న ఆధారమే పోతుంది.

కార్డు మీద ‘ఈయూ బ్లూ కార్డు’ (పెద్ద చదువుల ఉద్యోగులకు యూరోపియన్ యూనియన్ దేశాలు ఉమ్మడి నిబంధనల కింద ఇచ్చే అనుమతి) అని ఉంటే కథ వేరు. ఒక దేశంలో ఆ కార్డుతో 12 నెలలు ఉన్నవారు వీసా లేకుండానే జర్మనీకి వెళ్లి, అడుగుపెట్టిన నెలలోగా అక్కడి బ్లూ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కొత్త ఉద్యోగం జీతం జర్మనీ పెట్టిన కనీస పరిమితికి తగ్గకూడదు. డెన్మార్క్, ఐర్లండ్ ఈ బ్లూ కార్డు ఏర్పాటులో లేవు కాబట్టి ఆ రెండింటి వైపు వెళ్లేవారికి ఈ దారి లేదు.

2. మీకిది ఎన్నో ఏడో లెక్కపెట్టండి

ఇది ఎవరూ ముందుగా చెప్పరు. నెదర్లాండ్స్‌లో శాశ్వత నివాసానికి ఐదేళ్లు ఉండాలి. నాలుగున్నరేళ్లు ఉండి జర్మనీకి వెళ్లిపోతే ఆ లెక్క సాధారణంగా సున్నాకు వస్తుంది. బ్లూ కార్డు వారికి మాత్రం వేర్వేరు దేశాల్లో గడిపిన ఏళ్లను కలిపి, చివరి దేశంలో కనీసం రెండేళ్లు ఉంటే, యూరోపియన్ యూనియన్ దీర్ఘకాల నివాసం అడిగే వీలుంది. జర్మనీ తన బ్లూ కార్డు ఉన్నవారికి 27 నెలల్లో, జర్మన్ భాషలో బీ1 అనే మధ్యస్థ స్థాయి వస్తే 21 నెలల్లోనే శాశ్వత నివాసం ఇస్తుంది. అంటే మొదటి రెండేళ్లలో మారడం తేలిక. ఐదో ఏట ఉన్నవారు మరీ గొప్ప జీతం అయితే తప్ప డచ్ శాశ్వత నివాస కార్డు చేతికి వచ్చేదాకా ఆగడం మేలని నా అభిప్రాయం.

3. వచ్చే ముందు వెనక తలుపు వేయండి

మునిసిపాలిటీలో పేరు తీయించుకోవడం ముఖ్యం. బయలుదేరే రోజుకు ఐదు రోజుల ముందు నుంచి ఆ రోజు దాకా ఈ పని చేయవచ్చు. తీసేసినట్టు కాగితం అడిగి తీసుకోండి. పిల్లల డేకేర్‌కు ప్రభుత్వం నుంచి భత్యం వస్తుంటే అది ఆపమని మీరే చెప్పాలి. చెప్పకపోతే నెలనెలా జమ అవుతూనే ఉంటుంది, తరువాత అంతా తిరిగి కట్టమని ఉత్తరం వస్తుంది. ఆరోగ్య బీమా, కరెంటు, ఇంటి నోటీసు మామూలే.

డచ్ బ్యాంకు ఖాతా, డచ్ సిమ్ కార్డు మాత్రం తొందరపడి మూయవద్దు. డచ్ ప్రభుత్వ సైట్లలోకి లాగిన్ కావడానికి కావలసిన సందేశాలు ఆ నంబరుకే వస్తాయి. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఐ ఖాతాకు ఓటీపీ వచ్చేదీ బహుశా ఆ నంబరుకే. ముందు అక్కడ నంబరు, చిరునామా మార్పించి అప్పుడు సిమ్ తీసేయండి. జీతం వేయడానికి, అద్దె కోయడానికి జర్మన్ ఖాతానే కావాలని ఎవరైనా పట్టుబడితే, యూరోప్ నిబంధనల ప్రకారం ఏ సభ్యదేశపు ఐబాన్ (అంతర్జాతీయ బ్యాంకు ఖాతా నంబరు) అయినా ఒప్పుకోవాలని మర్యాదగా గుర్తుచేయండి.

4. ఇల్లు: బల్బు కూడా ఉండదు

మ్యూనిక్‌లో మేము తీసుకున్న ఇంటి వంటగదిలోకి మొదటిసారి వెళ్లినప్పుడు గోడలోంచి రెండు నీళ్ల గొట్టాలు, పొయ్యికి ఒక లావుపాటి కరెంటు తీగ, కప్పు నుంచి వేలాడుతున్న మరో రెండు వైర్లు కనిపించాయి. అంతే. సింకు లేదు, గట్టు లేదు, పొయ్యి లేదు. పని ఇంకా పూర్తి కాలేదనుకున్నాను. అది పూర్తయిన ఇల్లే! జర్మనీలో చాలా ఇళ్లు ఇలాగే అద్దెకిస్తారు. ఎవరి వంటగది వాళ్లే కొనుక్కుని, ఖాళీ చేసేటప్పుడు విప్పి పట్టుకుపోతారు. పాత అద్దెదారు తన వంటగదిని మీకు అమ్మజూపితే, ధర సబబుగా ఉంటే తీసుకోండి. కొత్తది బిగించేదాకా వారాలు పట్టవచ్చు. మేము ఆ రోజుల్లో ఇండక్షన్ పొయ్యి కింద పెట్టుకుని, గిన్నెలు స్నానాల గదిలో కడిగాము.

ప్రకటనలో రెండు అద్దెలుంటాయి. ఇంటికి మాత్రమే అయ్యేదాన్ని ‘చల్లని అద్దె’ అని, నిర్వహణ, చాలావరకు హీటింగ్ ఖర్చులు కలిపినదాన్ని ‘వెచ్చని అద్దె’ అని అంటారు. అడ్వాన్సు మూడు నెలల చల్లని అద్దెకు మించకూడదు, దాన్ని కూడా మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టం ఇచ్చింది. యజమానులు షూఫా అనే చెల్లింపుల చరిత్ర నివేదిక అడుగుతారు. నెదర్లాండ్స్‌లో ఎన్నేళ్లు సకాలంలో అద్దె కట్టినా అందులో కనిపించదు. బదులుగా మూడు నెలల జీతం చీటీలు, కొత్త ఉద్యోగ ఒప్పందం, బాకీ ఏమీ లేదని పాత యజమాని రాసిచ్చిన ఉత్తరం ఒకే ఫైలుగా సిద్ధంగా ఉంచుకోండి.

5. పద్నాలుగు రోజుల్లో నమోదు, తపాలా పెట్టె మీద పేర్లు

ఇంట్లో దిగిన 14 రోజుల్లోగా నగర కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. దీన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. అద్దె ఒప్పందం ఒక్కటే చాలదు, మీరు ఆ ఇంట్లో దిగారని యజమాని సంతకం పెట్టిన వేరే పత్రం కావాలి. తాళాలు తీసుకునే రోజే అడిగేయండి. పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంటు త్వరగా దొరకదు, దొరికిన తేదీ ముద్రించి పెట్టుకోండి. పెళ్లి పత్రానికి ఉన్న భారత అపోస్టిల్ (విదేశాల్లో చూపేందుకు ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) నెదర్లాండ్స్‌లో చెల్లింది కదా అని ఇక్కడా చెల్లుతుందనుకోవద్దు. ఏ రూపంలో కావాలో ముందే రాసి అడగండి.

ఆ ఫారంలో మతం గడి ఉంటుంది. మన క్రైస్తవ కుటుంబాలు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. కాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే జీతంలోంచి చర్చి పన్ను కోస్తారు. అది ఆదాయపు పన్ను మీద, మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో 8 శాతం, చాలా రాష్ట్రాల్లో 9 శాతం. ఇష్టంగా కట్టేవారు కట్టవచ్చు, తెలియక కట్టకూడదు.

నమోదయ్యాక 11 అంకెల పన్ను నంబరు ఉత్తరంలో వస్తుంది. ఈమెయిల్‌లో రాదు. ఇక్కడే మేము దెబ్బతిన్నాము. జర్మన్ అపార్ట్‌మెంట్లకు సాధారణంగా ఫ్లాటు నంబరు ఉండదు. తపాలా మనిషి పెట్టె మీద ఉన్న ఇంటిపేరు చూసి ఉత్తరం వేస్తాడు. పెట్టె మీద నా ఇంటిపేరు ఒక్కటే అంటించాను. మా ఆవిడ పాస్‌పోర్టులో ఉన్నది పుట్టింటి పేరు. ఆమె నంబరు వచ్చిన ఉత్తరం, ‘ఈ చిరునామాలో ఇలాంటివారు లేరు’ అని వెనక్కి పోయింది. మళ్లీ అడిగి తెప్పించుకునేసరికి నెల దాటింది. ఈలోగా ఆమె మొదటి జీతంలో పన్ను ఎక్కువగా కోశారు, ఏడాది చివర రిటర్నులో తిరిగి వచ్చిందనుకోండి. పెట్టె మీద, కాలింగ్ బెల్ మీద పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతోనే ఇద్దరి పేర్లూ అంటించండి. అత్తగారూ మామగారూ చూడవచ్చి నెలల తరబడి ఉంటే వాళ్ల పేర్లు కూడా.

6. ఆరోగ్య బీమా, జీతం చీటీ

నెదర్లాండ్స్‌లో పెద్దవాళ్లు ఎవరి ప్రీమియం వాళ్లు కట్టాలి. జర్మనీ ప్రభుత్వ బీమాలో ప్రీమియం జీతంలో శాతంగా కోస్తారు, అందులో సగం కంపెనీ భరిస్తుంది. సంపాదన లేని భార్యకో భర్తకో, పిల్లలకో విడిగా కట్టక్కర్లేదు. ఒకరి సంపాదన మీద నడిచే కుటుంబానికి ఇది మంచి వార్త. డచ్ జీతం మీద 30 శాతం పన్ను రాయితీ (విదేశాల నుంచి రప్పించిన ఉద్యోగుల జీతంలో 30 శాతం దాకా పన్ను వేయకపోవడం) అనుభవించినవారికి మాత్రం మొదటి చీటీ చూడగానే గుండె జారుతుంది. ఇక్కడ అలాంటిది లేదు. జీతం బేరమాడేటప్పుడే చేతికి ఎంత వస్తుందో లెక్క వేసుకుని మాట్లాడండి.

7. డ్రైవింగ్ లైసెన్సు

పైన చెప్పిన 30 శాతం పన్ను రాయితీ ఉన్నవారికి నెదర్లాండ్స్ మన లైసెన్సు తీసుకుని పరీక్ష లేకుండా డచ్ లైసెన్సు ఇస్తుంది. జర్మనీ అలా మార్చుకున్నదాన్ని ఒప్పుకోదు. కార్డు వెనక 70 అనే కోడ్ ఉంటే అది మార్చుకున్నదని అర్థం. మళ్లీ థియరీ, రోడ్డు పరీక్షలకు సిద్ధపడండి. అక్కడే పరీక్ష రాసి తెచ్చుకున్నదైతే గడువు తీరేదాకా ఇక్కడా పనిచేస్తుంది.

8. బడి, దుకాణం, ఆదివారం

డచ్ పిల్లలు నాలుగో ఏటనే బడికి వెళతారు, జర్మనీలో ఆరేళ్లకు. కాబట్టి అక్కడ పలక పట్టిన ఐదేళ్ల పిల్ల ఇక్కడ మళ్లీ కిండర్‌గార్టెన్‌లో ఆడుకుంటుంది. మా పాప దాన్ని పెద్ద అవమానంగా తీసుకుంది. కిండర్‌గార్టెన్‌లో చోటు కోసం ఇల్లు ఖాయమైన రోజే దరఖాస్తు పెట్టండి.

ఆదివారం కిరాణా దుకాణాలు మూసే ఉంటాయి, శనివారం సాయంత్రమే పాలు పెరుగు తెచ్చుకోవాలి. ఆదివారం గోడకు డ్రిల్లు పెడితే పొరుగువారు తలుపు కొడతారు. అక్కడ కార్డు తప్ప తీసుకోని దుకాణాలకు అలవాటు పడి ఉంటారు, ఇక్కడ జేబులో నోట్లు ఉంచుకోండి. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకు 18 యూరోలకు పైగా ప్రసార రుసుము కట్టాలి. ఆ ఉత్తరాన్ని మోసమనుకుని చించవద్దు.

9. ఏడాది తరువాత వచ్చే కవరు

మారిన సంవత్సరానికి నెదర్లాండ్స్‌లో ‘ఎం ఫారం’ అనే ప్రత్యేక పన్ను రిటర్ను వేయాలి. ఆ దేశంలో ఉన్న నెలలు, బయట ఉన్న నెలలు విడివిడిగా చూపించే ఫారం అది, మామూలు రిటర్ను కన్నా చాలా పొడవు. అదే సంవత్సరానికి జర్మనీలో కూడా వేయాలి. బయలుదేరిన తేదీ, జీతం చీటీలు, పేరు తీయించిన కాగితం అప్పుడే బయటికి తీయాల్సి వస్తాయి. వాటిని సామాన్ల లారీలో వేయకుండా చేతిసంచిలో తెచ్చుకోండి.