లిమిటెడ్ యూజర్ రూట్ ఎట్టా అయ్యాడు? ఫైల్ కాదు, ఫోల్డర్ చూడండి

లక్షణం: లైనక్స్ సర్వర్‌ని బ్రౌజర్‌లోంచి నడిపే ప్యానెల్‌లో ఒక లాగిన్‌కి బిల్లింగ్ సర్వీస్ రీస్టార్ట్ చేసుకునే హక్కు ఒక్కటే ఇచ్చి ఉంటారు. ఒకరోజు పొద్దున్నే చూస్తే యూజర్ల జాబితాలో యూఐడీ (యూజర్ నంబర్) సున్నాతో, అంటే అన్ని హక్కులూ ఉండే రూట్ హోదాతో, ఎవరిదో కొత్త పేరు. లేకపోతే రాత్రి 2 గంటలప్పుడు సీపీయూ 100 శాతం కొట్టి, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా నేను చూసే సర్వర్లన్నీ చిన్నవే. రొయ్యల మేత డీలర్లు, గ్రానైట్ ఆఫీసులు, ల్యాబులు. అన్నిచోట్లా ఒకటే మాట: "ఎవరో పెద్ద హ్యాకర్ కొట్టాడన్నా." అంత సీన్ ఉండదు లెండి.

ముందు ప్యాచ్ సంగతి

"అప్‌డేట్ చేశాం కదా" అంటారు. యూనేమ్ కమాండ్‌కి హైఫన్ ఆర్ తగిలించి చూస్తే నడిచేది పాత కర్నెలే (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం). కొత్తది డిస్కు మీదకొచ్చి ఆర్నెల్లయింది, రీబూట్ మాత్రం ఎవరూ కొట్టలేదు. దయచేసి ఇది చూశాకే నాకు ఫోన్ చేయండి.

తర్వాత సుడో, పోల్‌కిట్. మామూలు యూజర్‌కి కొన్ని పనులకి రూట్ హక్కు ఇచ్చే ప్రోగ్రాములివి. సుడోలో సీవీఈ-2021-3156 అనే లోపం (సీవీఈ అంటే బయటపడిన లోపాలకిచ్చే నంబర్) 2011 నుంచి 2021 దాకా ఎవరి కంటా పడకుండా కూర్చుంది. పోల్‌కిట్‌లోని పీకేఎగ్జెక్‌ది ఇంకా పాత కథ: 2009 నుంచీ ఉంది, 2022 జనవరిలో సీవీఈ-2021-4034గా బయటపడింది. ఈ రెండింటిలో ఏది మిగిలి ఉన్నా మామూలు లోకల్ యూజర్ రూట్ అయిపోతాడు. వెర్షన్ నంబర్ చూసి కంగారు పడొద్దు, ధీమా పడొద్దు. డిస్ట్రిబ్యూషన్ (ఉబుంటు, సెంటోస్ లాంటి లైనక్స్ రకాలు) వాళ్లు పాత నంబర్ అలాగే ఉంచి ప్యాచ్ మాత్రం లోపల పెడతారు. ప్యాకేజీ ఛేంజ్‌లాగ్‌లో (మార్పుల చిట్టాలో) ఆ సీవీఈ నంబర్ ఉందా లేదా వెతకండి. సెంటోస్ 7కి 2024 జూన్ 30తో సపోర్ట్ ఆగిపోయింది. ఇంకా దాని మీదే నడుపుతుంటే ఈ వెతుకులాట కూడా దండగ, మెషీన్ మార్చండి.

నన్ను రెండుసార్లు ముంచిన కారణం

కావలి దగ్గర ఒక మేత డీలర్ సర్వర్. ప్యాచ్‌లన్నీ సరిగ్గా ఉన్నాయి, సుడో జాబితా శుభ్రంగా ఉంది. రూట్ క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపేది) ఒకటే జాబ్: రాత్రి 2కి బ్యాకప్ స్క్రిప్ట్. ఫైల్ వివరాలు చూపించే ఎల్‌ఎస్ కమాండ్ కొట్టి చూశా. ఓనర్ రూట్, పర్మిషన్ 700. అంటే ఓనర్ తప్ప ఇంకెవరూ రాయలేరు కదా అని వదిలేశా. సర్వర్ మొత్తం కొత్తగా ఎక్కించి ఇచ్చా. మూడో రోజు పొద్దున ఆయనే ఫోన్: "అబ్బయ్యా, మళ్లీ వచ్చిందయ్యా ఆ పేరు."

స్క్రిప్ట్ ఉన్నది బిల్లింగ్ యూజర్ హోమ్‌లో, స్క్రిప్ట్స్ అనే ఫోల్డర్‌లో. ఆ ఫోల్డర్ ఓనర్ బిల్లింగ్ యూజరే. లైనక్స్‌లో ఫైల్‌ని తీసేయాలన్నా, పేరు మార్చాలన్నా ఆ ఫైల్ పర్మిషన్ ఎవరూ అడగరు. అది ఉన్న ఫోల్డర్ పర్మిషన్ అడుగుతారు. బీరువాకి గట్టి తాళం వేసి పక్కింటోళ్ల వసారాలో పెట్టినట్టు. తాళం పగలగొట్టే పనేముంది, బీరువానే పక్కకి జరిపి అలాంటిదే ఇంకోటి పెడతారు. బిల్లింగ్ లాగిన్ పాస్‌వర్డ్ దొరికినోడు చేసిందదే. మన స్క్రిప్ట్ పేరు మార్చి, అదే పేరుతో తనది పెట్టాడు. 2 గంటలకి రూటే వచ్చి దాన్ని నడిపింది.

సరే అని ఫోల్డర్‌ని రూట్ పేరు మీదకి మార్చా. పనైపోయింది అనుకున్నా. కాలేదు! పైనున్న హోమ్ ఫోల్డర్ ఇంకా బిల్లింగ్ యూజర్‌దే కాబట్టి స్క్రిప్ట్స్ ఫోల్డర్ పేరే మార్చేసి కొత్తది చేసుకోవచ్చు. అదే జరిగింది.

అప్పటి నుంచి నేను ఎల్‌ఎస్ నమ్మను. నేమ్‌ఐ కమాండ్‌కి హైఫన్ ఎల్ తగిలించి, స్క్రిప్ట్ పూర్తి దారి ఇవ్వండి. మొదటి స్లాష్ నుంచి ఫైల్ దాకా ప్రతి మెట్టు ఓనర్, పర్మిషన్ ఒకదాని కింద ఒకటి పడతాయి. ఆ రోజు నాకు రూట్, రూట్ అని రెండు వరసలు వచ్చి, మూడో వరసలో బిల్లింగ్ అని కనపడింది. మధ్యలో అట్టాంటి పేరు ఒక్కటున్నా, గ్రూప్‌కో అందరికో రాసే హక్కు ఉన్నా, కన్నం అదే.

పరిష్కారం: స్క్రిప్ట్‌ని యూజర్ హోమ్‌లోంచి తీసి, యూఎస్ఆర్ లోకల్ కింద ఎస్‌బిన్‌లో పెట్టండి. ఓనర్ రూట్, పర్మిషన్ 700. అంతటితో ఆగొద్దు, స్క్రిప్ట్ లోపల ఏం పిలుస్తోందో చదవండి. అది లాక్కునే కాన్ఫిగ్ ఫైల్ యూజర్ ఫోల్డర్‌లో ఉంటే మళ్లీ మొదటికే. ఫైళ్లన్నీ ఒక మూట కట్టే టార్ కమాండ్ యూజర్ ఫోల్డర్‌లోకి వెళ్లి స్టార్ గుర్తుతో నడిస్తే అదీ ప్రమాదమే. రెండు హైఫన్లతో మొదలయ్యే ఫైల్ పేరుని టార్ ఆప్షన్ అనుకుంటుంది, చెక్‌పాయింట్ ఆప్షన్‌తో ఏ కమాండైనా నడిపించొచ్చు. స్టార్ తీసి చుక్క పెట్టండి. సిస్టమ్‌డీ నడిపే బ్యాక్‌గ్రౌండ్ సర్వీసులు, పాత లాగ్‌లు మార్చే లాగ్‌రొటేట్ తర్వాత నడిచే కమాండ్లు, ప్యానెల్‌లో మనం కట్టిన బటన్లు, వీటన్నిటికీ ఇదే పరీక్ష.

ప్యానెల్ హక్కులు

వెబ్‌మిన్ అనే ప్యానెల్‌లో "క్రాన్ మాడ్యూల్ ఒక్కటే ఇచ్చానన్నా" అంటారు. వేరే కట్టడి పెట్టకపోతే ఆ మాడ్యూల్‌తో రూట్ పేరు మీదే జాబ్ పెట్టొచ్చు, ఇంకేం మిగిలింది? డాకర్ (ప్రోగ్రాముల్ని కంటైనర్లలో నడిపేది) గ్రూప్‌లో చేర్చడమూ రూట్ ఇవ్వడమే. సుడోలో పాస్‌వర్డ్ లేకుండా విమ్, లెస్, ఫైండ్ కమాండ్లు ఇచ్చినా అంతే, లోపల నుంచి రూట్ షెల్ (కమాండ్లు కొట్టే తెర) తెరుచుకుంటుంది.

వెబ్‌మిన్ 1.890లో దొంగదారి దొరికింది నిజమే, 2019లో 1.930తో మూసేశారు. ఇప్పుడు అది మీ దగ్గర ఉండే అవకాశం తక్కువ. ప్యానెల్ 10000 పోర్ట్ మాత్రం ఊరందరికీ తెరిచి పెట్టకండి. ఇంకా ఎవరికీ తెలియని కర్నెల్ లోపం అంటారా, మేత కొట్టు సర్వర్ కోసం దాన్ని ఎవడూ ఖర్చు పెట్టడు.

రూట్ ఒకసారి పోయిందంటే ఆ యూజర్‌ని డిలీట్ చేసి ఊరుకోవద్దు. డేటా మాత్రం తీసి సర్వర్ మళ్లీ ఎక్కించండి, దూరం నుంచి లాగినయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కీలు, డేటాబేస్ పాస్‌వర్డ్‌లు మార్చండి. పాత క్రాన్‌ని మాత్రం కాపీ కొట్టి అతికించొద్దు. నా మొదటి రీఇన్‌స్టాల్ బూడిదలో పోసిన పన్నీరైంది అందుకే, కన్నాన్ని కూడా నేనే మోసుకొచ్చి పెట్టా.

చివరికి బిల్లింగ్ యూజర్‌గా లాగినై స్క్రిప్ట్ పేరు మార్చడానికి, దాని పై ఫోల్డర్ పేరు మార్చడానికి, దాని పైదాన్ని మార్చడానికి మీరే ప్రయత్నించండి. ప్రతిసారీ పర్మిషన్ డినైడ్ అని రావాలి. డీలర్ సర్వర్‌లో మూడోసారి సరిచేశాకే అలా వచ్చింది.