రోల్‌ప్లేయింగ్ ఆటలో వైన్ పరిజ్ఞానాన్ని నైపుణ్యాలుగా మలచడం

ఆటగాళ్లు ఒక్కో పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆటలో, పాత్ర నైపుణ్యాలకు అంకెలు వేసుకునే వివరాల పత్రంలో ‘వైన్ పరిజ్ఞానం’ అని ఒకే గడి పెడితే ద్రాక్షతోట కూలీకీ, జమీందారు విందులో వడ్డించే నౌకరుకీ, పాత సీసాల వ్యాపారికీ ఒకే అంకె వేయవలసి వస్తుంది. మన శ్రీకాకుళం పల్లెల్లోనే చూడండి: తాటిచెట్టెక్కి గెల గీసే కార్మికుడికి తెలిసినదీ, ఒక్క గుక్కతో ఇది పొద్దుటి కల్లో నిన్నటిదో చెప్పే ముసలాయనకు తెలిసినదీ వేరువేరు విద్యలు.

వైన్ ఎంచి వడ్డించే నిపుణులు (సొమెలియర్లు) రాసే మాస్టర్ సొమెలియర్ పరీక్ష సైతం సిద్ధాంతం, రుచి, వడ్డన అని మూడు భాగాలుగా జరుగుతుంది. ఆటకు మాత్రం రుచి, తయారీ, చరిత్ర అనే మూడూ సరిపోతాయని నా అభిప్రాయం. వడ్డనను మర్యాద నైపుణ్యానికి అప్పగించవచ్చు.

రుచి విషయంలో ఇరవై ముఖాల పాచికను ఆటగాడు కాక, ఆట నడిపేవారే చాటుగా వేయాలి. పందెం తప్పినప్పుడు ‘నీకేమీ తెలియలేదు’ అని ఊరుకోకుండా, తప్పు జవాబునే నిబ్బరంగా చెప్పాలి. 2001లో ప్రచురితమైన ఒక ఫ్రెంచి ప్రయోగంలో, ఎర్రరంగు కలిపిన తెల్ల వైన్‌ను 54 మంది విద్యార్థులకు ఇస్తే, వారు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దానిని వర్ణించారు. కనుక రంగో, పేరున్న లేబులో ముందే కంటబడితే గెలవవలసిన అంకెను 15 నుంచి 20కి పెంచండి. కళ్లకు గంతలు కట్టుకుని తాగుతానన్న తెలివైన పాత్రకు 15 దగ్గరే ఉంచండి.

తయారీ నైపుణ్యం నేర్చిన చోటును బట్టి మారాలి. కల్లు ఎండకు గంటల్లోనే పులుస్తుంది, అందుకే తీపి నీరా కావాలనుకున్నవారు కుండ లోపల సున్నం పూస్తారు. ద్రాక్షరసం పులియడానికి రోజులు, వారాలు, ఆపై పీపాలో మాగడానికి నెలలు పడుతుంది. రెండింటినీ పులియబెట్టేది ఈస్ట్ అనే సూక్ష్మజీవే కాబట్టి, మన గీత కార్మికుడు ఫ్రాన్సుకు వెళితే సగం పాయింట్లు ఇవ్వండి. వెనిగర్‌గా మారుతున్న పీపాను పసిగట్టేటప్పుడు మాత్రం పూర్తి పాయింట్లు ఇవ్వాలి, ఆ ఘాటు ఎక్కడైనా ఒకటే.

మూడింటినీ ఒకే సన్నివేశంలో నడిపి చూడండి. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం రేవులో, సుమారు 1900 ఏళ్ల కిందట, ఒక రోమన్ వైన్ జాడీ దిగిందనుకుందాం. (అలాంటి జాడీల పెంకులు నిజంగా దొరికినది పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో; మన రేవులో దింపడం ఆట కోసం.) చరిత్ర తెలిసిన పాత్ర, రోమన్లు దీనిని నీళ్లు కలుపుకుని తాగేవారని చెబుతుంది, తయారీ తెలిసినది, మట్టి గోడ వైన్‌ను పీల్చకుండా లోపల చెట్టు బంక పూశారని గుర్తిస్తుంది, ఆ బంక వాసన మాటున దాగిన పులుపును పట్టుకోవలసినది రుచి తెలిసిన పాత్ర.

కథ మొత్తంలో వైన్ ఒక్క విందులోనే తగిలేటట్టయితే ఈ విభజన జోలికి పోకండి, ఉన్న చరిత్ర నైపుణ్యంతోనే పని జరిగిపోతుంది.